మొదటి గురువారం భోజనం

బార్లీ, అవును బార్లీయే, గోడకు వేలాడుతున్న నల్లబోర్డు మీద సుద్దతో రాసిన మాటను గ్లెనిస్ మూడోసారి చదివింది, కళ్లజోడు తీసి స్కార్ఫు కొసతో తుడుచుకుని చదివినా అది బార్లీగానే ఉంది, నాలుగు గంటలు ఉడికించిన ఎద్దు దవడ మాంసం, బార్లీతో, ఆ కింద ఇవాళ మధ్యాహ్నానికి ఇంతే అని రాసి ఒక నవ్వు బొమ్మ, అంటే ఏడు టేబుళ్లకూ ఒకటే వంట, వద్దనుకుంటే ఇంకోటి అడిగే వీల్లేదు, దవడ మాంసం పరవాలేదు, అంతసేపు ఉడికితే చెంచాతో నొక్కినా పీచుపీచుగా విడిపోతుంది, పులుసు ఎక్కువ పోసుకుంటే జారుతుంది, కాని బార్లీ గింజ జారదు, దొర్లుతుంది, గుంపులోంచి ఒకటి విడిపోయి తన దారిన తాను దొర్లుకుంటూ పోయి గొంతులో ఏ మడతలోనో కూర్చుంటుంది, ఊపిరి లోపలికి తీసేదాకా ఊరుకుని అప్పుడు కదులుతుంది, వెనక్కి తిరిగి వెళ్లిపోతే, తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు, వీపుకి మీన్‌వుడ్ రోడ్డు మీది మార్చి గాలి తగులుతోంది, బస్టాపు నలభై అడుగులు, కాని కిటికీ పక్కన కూర్చున్న డొరీన్ అప్పుడే చెయ్యి ఎత్తేసింది, ఏమే, ఆ బోర్డునే తినేస్తావా, వచ్చి కూర్చో, అంది, బస్ డిపో ఆవరణ అంతటికీ వినిపించిన గొంతు అది, ఆ చిన్న గదిలో అందరూ తలలు తిప్పారు.

లీడ్స్ నగరం బస్ డిపోలో ముప్పై ఏళ్లు ఎవరు ఏ బస్సు ఎప్పుడు నడపాలో రాసిన మనిషి డొరీన్, రిటైరై ఆరేళ్లయినా ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇంకా తనే చెబుతుంది, గ్లెనిస్‌ను గోడవైపు కుర్చీలోకి పంపింది, మాక్సిన్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది, ముగ్గురి మోకాళ్లూ టేబుల్ కింద తగులుకున్నాయి, ఇది ఒకప్పుడు మాంసం కొట్టు, గోడల మీద తెల్ల పింగాణీ పలకలు అలాగే ఉన్నాయి, పైన ఇనుప కడ్డీ, దానికి కొక్కేలు, కొక్కేలకు ఇప్పుడు దీపాలు, బాగుంది, ఇదివరకైతే గుమ్మంలోనే బాగుందే అని పైకి అనేసేది, పందొమ్మిదేళ్లు, డిపో క్యాంటీన్‌లో ఆ బూడిదరంగు బంగాళాదుంపల ముద్ద తినలేక ముగ్గురూ ఒకరోజు లేచి బయటికి నడిచిన దగ్గర్నుంచి, నెలలో మొదటి గురువారం మధ్యాహ్నం, ఎప్పుడూ కొత్త చోటే, నియమం ఒక్కటే, యజమాని ఆ కప్పు కిందే ఉండాలి, వంటింట్లోనో గల్లా దగ్గరో, ఊరూరా ఒకే పేరు తగిలించుకున్న హోటళ్ల గుమ్మం తొక్కకూడదు, అలా కిర్క్‌స్టాల్ రోడ్డులో ఆ పోలిష్ పెద్దాయన బీట్‌రూట్ చారు, చాపెల్ అలర్టన్‌లో మూడు నెలలకే మూతబడ్డ చేపల హోటలు, ప్రతిచోటా ముందు ఖాళీ అయ్యేది గ్లెనిస్ పళ్లెమే, డొరీన్ రొట్టె అంచులు వదిలేసేది, మాక్సిన్ కొవ్వు పక్కకు నెట్టేది, వదిలేసినవీ నెట్టేసినవీ అన్నీ గ్లెనిస్ వైపే వచ్చేవి, దీనిది కడుపు కాదు గ్యారేజీ, డబుల్ డెక్కర్ పడుతుంది, అని డొరీన్ వడ్డించేవాళ్లకు పరిచయం చేసేది, వాళ్లు నవ్వేవాళ్లు, గ్లెనిస్ ఇంకా గట్టిగా నవ్వేది, ఇరవై ఏడేళ్లు డబుల్ డెక్కర్ నడిపిన మనిషికి అంతకంటే మంచి పేరు ఇంకేం కావాలి.

కోటు విప్పవే, లోపల వెచ్చగానే ఉంది, అంటోంది మాక్సిన్, గ్లెనిస్ విప్పలేదు, చలిగా ఉందంది, కోటు కింద రెండు స్వెటర్లు ఉన్నాయి, వాటి కింద ఆరు కిలోలు లేవు, పొట్ట మీద రెండో బొడ్డులాంటి మచ్చ ఒకటి ఉంది, అక్టోబరు దాకా కడుపులోకి తిండి పోసే ట్యూబు ఉన్న చోటు, ట్యూబు సంగతి వీళ్లకు తెలుసు, కిందటి ఏప్రిల్‌లో గొంతు క్యాన్సర్ అని తేలినప్పుడు ఆస్పత్రికి వచ్చింది వీళ్లిద్దరే, ముప్పై మూడు రేడియేషన్లలో సగానికి డొరీనే కారులో దింపింది, ముఖానికి ఆ ప్లాస్టిక్ తొడుగు బిగించి బల్లకు కదలకుండా కట్టేస్తుంటే బయట కూర్చుని నర్సులతో తగాదా పెట్టుకుంది, ఇద్దరికీ తెలియనిది ఆ తర్వాతది, ఆగస్టులో డాక్టరు ఇక ఏమీ లేదు పోయింది అన్నప్పుడు పూలగుత్తి వచ్చింది, కార్డు వచ్చింది, అందరికీ కథ అయిపోయింది, జబ్బు పోయింది సరే గొంతు తిరిగి రాలేదు అని ఎవరికి చెప్పాలి, ఉమ్మి ఊరదు, నోట్లో ఎప్పుడూ నాణెం పెట్టుకున్నట్టుంటుంది, చిన్నపిల్లలకు నడక నేర్పినట్టు మింగడం నేర్పే బెథన్ అనే అమ్మాయి వారం వారం చెబుతుంది, గడ్డం ఛాతీకి ఆనించండి, మింగండి, మళ్లీ మింగండి, చిన్నగా దగ్గండి, ఇప్పుడు నీళ్లు, ఒక చిన్న గిన్నెడు జావకు నలభై నిమిషాలు, వంటింట్లో సింకు దగ్గర నిలబడి, ఉమ్మేయాల్సి వస్తే సులువని, డొరీన్ ఫోను చేసి ఏం తిన్నావే అంటే వేపిన చేప అంటుంది, మాక్సిన్ చేస్తే కోడి కూర అంటుంది, ఏ అబద్ధం ఎవరికి చెప్పిందో మరిచిపోకుండా ఫ్రిజ్ మీద చీటీ కూడా రాసుకుంది, ఇక జనవరిలో ఆ ఆదివారం, బఠాణీ సూపు బాగానే రుబ్బింది, వడకట్టింది కూడా, అయినా ఒక్క తొక్క, గోరంత కూడా లేదు, వంటింటి గచ్చు మీద మోకాళ్ల మీద పడి సింకు అంచు పట్టుకుని, రేడియోలో ఎవరో తోటలో ఉల్లి ఎప్పుడు నాటాలో చెబుతున్నారు, ఆ మనిషి ఉల్లి గురించి చెబుతూనే ఉన్నాడు, ఊపిరి వచ్చేసరికి ముత్యాలు కారినట్టు కళ్లలోంచి నీళ్లు, గచ్చు మీద ఎంతసేపు కూర్చుందో తెలియదు, ఎవరికీ చెప్పలేదు, బెథన్‌కు కూడా, ఆ రోజు నుంచి నలభై నిమిషాల గిన్నె సగమైంది, సోమవారం తూకం, ఇంకో కిలో తగ్గితే మళ్లీ ట్యూబు వేస్తామన్నారు.

రొట్టె వచ్చింది, వెచ్చనిది, పక్కన చిన్న గిన్నెలో కరిగించిన మాంసపు కొవ్వు, తెచ్చింది టామ్సిన్, ఈ హోటలు ఆమెదీ వాళ్ల అన్నదీ, అన్న లోపల వండుతాడు, ఈమె బయట, మీరు ముగ్గురూ మా దగ్గరికి మొదటిసారి కదమ్మా, అంది, డొరీన్ వెంటనే మేము పందొమ్మిదేళ్లుగా అంటూ మొదలుపెట్టింది, గ్యారేజీ మాట చెబుతుందేమోనని గ్లెనిస్ టేబుల్‌క్లాత్ అంచు పట్టుకుంది, డొరీన్ చెప్పలేదు, ఎందుకు చెప్పలేదు, ఎప్పుడూ చెప్పేది కదా, తెలుసా దీనికి, గ్లెనిస్ ఒక ముక్క తుంచి పళ్లెంలో పెట్టుకుని దాన్ని నాలుగు చేసింది, నాలుగింటినీ అటూ ఇటూ జరిపింది, ఒకటి ఒళ్లోని చేతిగుడ్డలో దాచింది, రెండోది దాచబోతుంటే మాక్సిన్ చూపు వచ్చి చేతిమీద వాలి మళ్లీ వెళ్లిపోయింది, చూసిందా, మాక్సిన్ చూసినా చెప్పదు, అద్దంలో వెనకాల వచ్చే బండిని చూసినట్టు చూసి ఊరుకుంటుంది, ఆమె కూడా నలభై తొమ్మిదో నంబరు బస్సు ఇరవై ఏళ్లు నడిపింది, వాళ్లమ్మానాన్నా సెయింట్ కిట్స్ దీవి నుంచి వచ్చి చాపెల్‌టౌన్‌లో ఇల్లు కట్టుకున్నారు, వాళ్లింట్లో తిన్న మేకమాంసం, ఆ మిరపకాయ ఘాటు, ముక్కులోంచి నీళ్లు కారుతుంటే గ్లెనిస్ మూడోసారి వడ్డించుకుంది, అవన్నీ ఏ మనిషి తిన్నది, చెప్పెయ్యాలి, ఇప్పుడే, ముందే అనుకున్న మాట, బస్సులో పైఅంతస్తులో కూర్చుని పెదవులు కదుపుతూ సాధన చేసింది, నేను ఫైలీకి వెళ్లిపోతున్నా, సముద్రం పక్కన, అక్క దగ్గర ఉండిపోతా, ఇక గురువారాలు కుదరవు, అంతే, ఒకసారి చెప్పేస్తే ఇక ప్రతి నెలా సాకు వెతకక్కర్లేదు, ఎవరి కళ్లముందూ మింగక్కర్లేదు, చక్కగా సింకు దగ్గర నిలబడొచ్చు.

పళ్లెం ముందుకు వచ్చింది, నల్లని నిగనిగలాడే దవడ ముక్క, చుట్టూ పులుసులో మునిగి తేలుతున్న గింజలు, ఒక్కొక్కటి ముత్యమంత, వంద ఉంటాయి, రెండు వందలు ఉంటాయి, డొరీన్ అప్పుడే నోట్లో పెట్టుకుని కళ్లు మూసింది, మాక్సిన్ మ్మ్ అంది, ఇద్దరూ తనవైపు చూడ్డం లేదు, మరీ చూడకుండా ఉన్నారు, గ్లెనిస్ ముక్క పైపొర చెంచాతో గీసింది, గింజ ఒక్కటీ లేకుండా పులుసులో ముంచింది, గడ్డం దించింది, మింగింది, మళ్లీ మింగింది, దగ్గును గొంతు సవరించుకున్నట్టు చేసింది, నీళ్లు, వెళ్లింది, ఒకటి, పక్క టేబుల్ దగ్గర టై కట్టుకున్న పెద్దమనిషి తన భార్యతో ఏదో అంటూ నవ్వాడు, తనను చూసి కాదు, కాదేమో, మళ్లీ గీత, మళ్లీ గడ్డం, ఏం వెతుకుతున్నావే కింద, అంది డొరీన్, మెల్లిగానే అంది, అయినా గ్లెనిస్‌కు మెడ దగ్గర వేడెక్కింది, నేను మీకో మాట చెప్పాలి అంది.

ఫైలీ మాట చెప్పింది, బస్సులో వచ్చినంత బాగా రాలేదు, సముద్రపు గాలి మంచిదన్నారు డాక్టర్లు, అక్క కూడా ఒంటరిగానే ఉంది, ఇల్లు అమ్మకానికి పెడుతున్నా, ఇవన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి, మాక్సిన్ చెంచా కింద పెట్టింది, డొరీన్ నమలడం ఆపలేదు, పూర్తిగా నమిలి మింగి, అంత తేలిగ్గా ఎలా మింగుతారు మనుషులు, ఏ అక్క, అంది, ఏవ్రిల్ అంది గ్లెనిస్, ఏవ్రిలా, మీ అమ్మను పాతిపెట్టిన రోజు శ్మశానం గేటు దగ్గర కారెక్కి నీ ముఖాన తలుపు వేసిన ఏవ్రిలేనా, పదేళ్లుగా క్రిస్మస్ కార్డు కూడా వెయ్యని ఏవ్రిల్ నీకు గది సర్దిపెట్టిందా, అంది, అవును సర్దిపెట్టింది అంది గ్లెనిస్, మనుషులు మారరా, అంది, గొంతు పెరిగింది, పెరగకూడదు, డొరీన్ ఆమెనే చూస్తోంది, డ్యూటీ ఎగ్గొట్టడానికి జ్వరం అని చెప్పిన డ్రైవర్లను చూసే చూపు అది, మాకు అబద్ధం చెప్పడానికి ఇంత దూరం బస్సెక్కి వచ్చావా గ్లెనిస్, అంది, అంతే, ఎవరడిగారు నిన్ను, అన్నీ నీకే తెలుసు, అన్నీ నువ్వే రాస్తావు, అంది గ్లెనిస్, చేతిలో చెంచా ఉంది, అది పళ్లెంలోకి వెళ్లింది, ఏం తీసిందో చూడకుండా నోట్లో పెట్టుకుంది, మామూలు మనిషిలాగా, తల ఎత్తుకుని, డొరీన్ కళ్లలోకి చూస్తూ.

గడ్డం దించలేదు, ఆ మాట తట్టేసరికే అది వెళ్లిపోయింది, వెళ్లాల్సిన చోటికి కాదు, పక్క దారిలోకి, ఇక్కడే, సరిగ్గా ఇక్కడ, మొదటి దగ్గుకు కుర్చీ వెనక్కి జరిగింది, రెండోదానికి నీళ్ల గ్లాసు పడింది, మూడోది రావడం లేదు, ఉందా గాలి, సన్నగా ఈల లాగా వస్తోంది, ఉంది, రా, గచ్చు, సింకు, ఉల్లిగడ్డలు ఎప్పుడు నాటాలి, కాదు, తెల్ల పలకలు, కొక్కేలు, నేను మీన్‌వుడ్‌లో ఉన్నాను, ముఖం ఉబ్బిపోతోంది, అందరూ చూస్తున్నారు, చూడనీ, చూడొద్దు, టై పెద్దమనిషి కుర్చీ గచ్చు మీద గీసుకుంటూ లేచాడు, డొరీన్ చెయ్యి వీపు మీద కొట్టడానికి పైకి లేచింది, కొట్టకూడదు, కొడితే ఇంకా లోపలికి జారుతుంది, గ్లెనిస్ అరచెయ్యి అడ్డంగా ఊపింది, అప్పుడు మాక్సిన్ టేబుల్ మీదుగా వంగి డొరీన్ మణికట్టు పట్టేసుకుంది, దగ్గుతోంది కదా, దగ్గనీ, గాలి ఆడుతోంది, ముట్టుకోకు, అంది, ఎంత నిదానంగా అంది, బ్రేకు వెయ్యకుండా వేగం తగ్గించినట్టు, ముందుకు వంగు గ్లెనిస్, ఇంకా వంగు, నేనిక్కడే ఉన్నా, దగ్గు, అది పళ్లెంలోకి రానీ, ఏం పరవాలేదు, గ్లెనిస్ వంగింది, ముక్కులోంచి కళ్లలోంచి నోట్లోంచి నీళ్లు, కుక్క మొరిగినట్టు దగ్గు, ఇంత చప్పుడు తనదేనా, కూర్చోండి సార్, మీ కూర చల్లారిపోతుంది, అంటోంది డొరీన్ పక్క టేబుల్‌తో, గొంతు వణుకుతోంది, డొరీన్ గొంతు వణుకుతోంది, ఇంకొకటి, పక్కటెముకలు విరిగేంతగా ఇంకొకటి, పళ్లెం అంచు మీద ఏదో ఠక్కున పడింది, ఒక గింజ, తెల్లగా, నలగకుండా, ఎలా వెళ్లిందో అలాగే.

గాలి వచ్చింది, ఎంత గాలి, గది నిండా ఉంది, టామ్సిన్ కొత్త నీళ్లు తెచ్చి పెట్టి భుజం తట్టబోయి ఆగి వెళ్లిపోయింది, ఎవరో చెంచాలు మళ్లీ కదిపారు, టై పెద్దమనిషి తన పళ్లెంలోకి చూస్తున్నాడు, అంతే, ప్రపంచం అంతే చేసింది, ఎన్నాళ్లుగా ఇలా, అంది డొరీన్, గ్లెనిస్ చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంది, గుడ్డలోంచి దాచిన రొట్టెముక్క రాలి టేబుల్ మీద పడింది, ముగ్గురూ దాన్ని చూశారు, ఇక చెప్పేసింది, సింకు, నలభై నిమిషాలు, ఫ్రిజ్ మీద చీటీ, బఠాణీ తొక్క, సోమవారం తూకం, చెబుతుంటే మాటకీ మాటకీ మధ్య నీళ్లు తాగాల్సి వచ్చింది, మాకెందుకు చెప్పలేదు అని మాక్సిన్ అడిగితే, మీరు పూలు పంపారు కదా అంది, అదే నోటికి వచ్చింది, డబుల్ డెక్కర్ పట్టే గ్యారేజీ అన్నారు కదా నన్ను, ఇప్పుడు చెంచాడు పులుసుకు గడ్డం దించుకుని ప్రార్థన చేసుకోవాలి, ఎవరు చూస్తారే అది, అంది.

డొరీన్ ఎర్రగా అయిన కళ్లతో, కోపంగానే, నేను మంగళవారం ఫోన్ చేసి వడ్డిస్తున్న ఈ పిల్లను అడిగానే, ఈ వారం మీ వంటల్లో అన్నిటికంటే మెత్తనిది ఏదని, దవడ మాంసం అంది, బార్లీ సంగతి నాకు తట్టలేదు, అంది, ఫోన్‌లో నీకు ప్రతి మాట దగ్గరా గొంతు ఆరిపోతుంటే నాకు వినిపించదనుకున్నావా, చెబుతావేమో చెబుతావేమో అని చూస్తే ఫైలీ అంటావా, అంది, ఆగి, పదకొండు నెలలు ఈవిడా నేనూ ఎదురెదురుగా కూర్చున్నామే, నువ్వే వెళ్లి రండని తరిమావు, కూర్చుని ఏం మాట్లాడుకోవాలి, అంది, నిజమే, నాకు ఈవిడంటే అంత పడదు, అంది మాక్సిన్, డొరీన్ ముఖం ఎదుటే, రొట్టె అందుకుంటూ, హేర్‌హిల్స్‌లో ఎరిత్రియా వాళ్ల హోటలుకు వెళ్లాం జూన్‌లో, ఇద్దరికీ ఒకే పెద్ద పళ్లెం, నా వైపు పప్పు కూడా తనే తినేసింది, నేను మధ్యలో లేచి బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయా, అంది, అది నా వైపు పప్పు, అంది డొరీన్, నీ వైపు క్యాబేజీ, అంది మాక్సిన్, ఇద్దరూ నిజంగానే మండిపడుతున్నారు, ఇంతకాలం తను మధ్యలో కూర్చుని ఇద్దరి మిగిలినవీ తింటూ ఉంటే ఇది కనపడలేదు, గ్లెనిస్‌కు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, ఈసారి ఎవరూ కదల్లేదు, డొరీన్ నీళ్ల గ్లాసు రెండంగుళాలు ముందుకు జరిపింది, అంతే.

కోటు విప్పింది, ఒక స్వెటరు కూడా తీసి కుర్చీ వీపుకి వేసింది, టామ్సిన్ ఇటు వస్తుంటే చెయ్యి ఎత్తింది, డొరీన్ నోరు తెరవబోతే నేను చెబుతా అంది, గొంతుకు రేడియేషన్ అయిందమ్మా, నాకు గింజలు వెళ్లవు, ఈ మాంసాన్ని బార్లీ తీసేసి పులుసుతో మెత్తగా రుబ్బి తేగలరా, పక్కన ఇంకో గిన్నె పులుసు, నాకు తినడానికి గంట పడుతుంది, అంది, ఇంత పొడుగు మాట, ఈ గదిలో, పైకి, టామ్సిన్ పళ్లెం తీసుకుంది, మా అన్నకు రుబ్బమంటే ఏడుస్తాడు కాని చేస్తాడమ్మా, మూడున్నర దాకా ఈ టేబుల్ మీకే, అని వెళ్లింది, వంటింటి తలుపు ఊగింది, లోపల్నుంచి ఉల్లిపాయ మాడిన వాసన, మిరియాలు, ఎముకలు మరిగిన చిక్కని వాసన వచ్చి టేబుల్ మీద వాలింది, డొరీన్, మాక్సిన్ ఇంకా క్యాబేజీ దగ్గరే ఉన్నారు, గ్లెనిస్ వాళ్ల మాటలు వింటూ వినకుండా ఉంది, కడుపులో ఎక్కడో మెలిపెట్టినట్టయింది, భయమేమో అనుకుంది, సోమవారం గురించేమో, కాదు, భయం వచ్చేది ఛాతీలో, ఇది దానికి ఎంతో కింద, ఏదైనా నొప్పి మళ్లీ మొదలవుతోందా, అరచెయ్యి పెట్టి చూసుకుంది, నొప్పి కాదు, లోపల ఖాళీ గది గోడలు ఒకదాన్నొకటి రాసుకున్నట్టుంది, మాక్సిన్ చెంచా పళ్లెంలోంచి లేచింది, పులుసు బొట్టు అంచున వేలాడింది, గ్లెనిస్ కళ్లు ఆ బొట్టు వెంట మాక్సిన్ పెదవుల దాకా వెళ్లి, మళ్లీ పళ్లెంలోకి దిగి, మళ్లీ వెళ్లాయి, నాలుక కింద చెమ్మలాగా ఏదో తగిలింది, ఏడాదిగా తూకం కోసం తిన్నది, బెథన్ కోసం తిన్నది, ట్యూబు వెయ్యకూడదని తిన్నది, ఇది అవేవీ కాదు, దీనికి పేరు ఉంది, ఒక్క క్షణం తట్టలేదు, వంటింటి తలుపు ఇంకా ఎందుకు తెరుచుకోదు అనుకుంటూ కుర్చీలో ముందుకు జరిగినప్పుడు తట్టింది, గ్లెనిస్‌కు ఆకలి వేస్తోంది.